మాసిడోనియా సైనికులు 5, 6 మీటర్ల ఈటెతో పాటు డాలు కూడా ఎలా పట్టుకునేవాళ్లు?

డాలును చేత్తో పట్టుకునేవాళ్లు కాదు, అదే కిటుకు. అంతకుముందు హోప్లైట్‌కి, అంటే బరువైన ఆయుధాలతో పోరాడే గ్రీకు కాల్బల సైనికుడికి, ఒక చేతిలో రెండు, రెండున్నర మీటర్ల ఈటె, రెండో చేతికి దాదాపు 90 సెం.మీ. వెడల్పున్న బరువైన గుండ్రటి డాలు ఉండేవి. అలెగ్జాండర్ తండ్రి, రాజు రెండో ఫిలిప్ కాలం నుంచి మాసిడోనియా కాల్బలం చిన్న డాలును వారుతో మెడకో భుజానికో తగిలించుకుని, రెండు చేతులతో సరిస్సా అనే ఆ పొడుగు ఈటెను పట్టుకునేది. ఫాలాంక్స్‌లో, అంటే వరసలుగా దగ్గరదగ్గరగా నిలబడే వ్యూహంలో, ముందు ఐదు వరసల ఈటెల మొనలు మొదటి వరసను దాటి బయటికొచ్చేవి, అంటే శత్రువు ఒక్క మనిషిని చేరాలన్నా అన్ని మొనలూ తప్పించుకుని రావాలి. వెనక వరసలవాళ్లు ఈటెలు ఏటవాలుగా పైకెత్తి పట్టేవాళ్లు, వచ్చే బాణాలు కొన్ని వాటికే తగిలి పడిపోయేవి. వరసకు 16 మంది చొప్పున 16 వరసలు, అంటే 256 మంది, సింటగ్మా అనే ఒక దళం.

కాకపోతే ఇంత గుంపు చటుక్కున పక్కకి తిరగలేదు. అందుకే అలెగ్జాండర్ యుద్ధాల్లో అసలు దెబ్బ హెటైరోయ్ (రాజు సహచరులు) అనే అశ్వదళం కొట్టేది. ఫాలాంక్స్‌కి వచ్చిన పేరులో సగం ఆ గుర్రాలదే అంటాను నేను. క్రీ.పూ. 168లో మాసిడోనియాలోని పిడ్నా దగ్గర రోమన్లతో జరిగిన యుద్ధంలో ఎగుడుదిగుడు నేల మీద వరసల్లో సందులు పడగానే రోమన్లు కత్తులతో లోపలికి దూరిపోయారు, అంత దగ్గర్లో ఆ పొడుగు కర్ర ఎందుకూ పనికిరాలేదు.