టైమవుట్ వచ్చిందా, పర్మిషన్ డినైడ్ వచ్చిందా? ముందు అది చెప్పండి

ప్రశ్న: రెండున్నరేళ్లుగా అప్లికేషన్ సపోర్ట్‌లో చేస్తున్నానండి, ఎక్కువగా నైట్ షిఫ్టులే. అమీర్‌పేటలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కోర్సు చేశాను. పది రోజుల్లో క్లౌడ్ ఇంజినీర్ ఇంటర్వ్యూ ఉంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లిచ్చిన ప్రశ్నల పీడీఎఫ్ బట్టీ పడుతున్నా ధైర్యం రావట్లేదు. పైగా రెజ్యూమేలో నాలుగేళ్ల క్లౌడ్ అనుభవం అని వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు? - ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ నాలుగేళ్ల సంగతి తేల్చేద్దాం. వేయకండి. తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టినా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల నంబరు) మీద ఏ కంపెనీ నుంచి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పీఎఫ్ పడిందో చూస్తారు, అక్కడ దొరికిపోతే చేతికొచ్చిన ఆఫర్ పోతుంది. అంతకంటే ముందు ఇంకో చిక్కుంది. నాలుగేళ్లని రాస్తే నాలుగేళ్ల వాణ్ని అడిగే ప్రశ్నలే అడుగుతారు, మొదటి పావుగంటలోనే విషయం బయటపడుతుంది. ఉన్నదే రాసుకోండి: అర్ధరాత్రి అలర్ట్ వస్తే లాగ్ తెరిచి చూడటం, తప్పు అప్లికేషన్‌దా డేటాబేస్‌దా నెట్‌వర్క్‌దా అని తేల్చడం, ఎవర్ని నిద్రలేపాలో నిర్ణయించడం. క్లౌడ్ ఉద్యోగంలో సగం పని ఇదే, మీరు దాన్ని చిన్నచూపు చూస్తున్నారంతే.

ఇక ఆ పీడీఎఫ్. ఎస్3 (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే సర్వీసు) గురించి ఏం రాశారో చూడండి. ఫైలు మార్చాక కాసేపు పాతదే కనిపించొచ్చు, ఈవెంచువల్ కన్సిస్టెన్సీ అని ఉంటే అది 2020 డిసెంబరుకు ముందు సరుకు. ఆ నెల నుంచి ఎస్3లో రాసిన వెంటనే చదివినా కొత్తదే వస్తుంది. పాత జవాబు గడగడా అప్పజెప్పారనుకోండి, ఎక్కణ్నుంచి బట్టీ పట్టారో అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

బట్టీ బదులు ఒక్క ప్రశ్న పట్టుకుని లోతుకు దిగండి. 'ఈసీ2 మెషీన్‌లోకి ఎస్ఎస్‌హెచ్ అవట్లేదు, ఏం చూస్తారు?' (ఈసీ2 అంటే అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సర్వర్, ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి దాంట్లోకి లాగిన్ అవడం.) చాలామంది వెంటనే 'సెక్యూరిటీ గ్రూప్ చూస్తాను సార్' అంటారు, అంటే మెషీన్‌లోకి ఏ పోర్టు నుంచి ఎవరు రావచ్చో చెప్పే రూల్స్. మీరు మాత్రం ఎదురు ప్రశ్న వేయండి: స్క్రీన్ మీద ఏ మెసేజ్ వచ్చింది? పర్మిషన్ డినైడ్ అని వస్తే నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు, కీ ఫైలో యూజర్ పేరో తప్పు (అమెజాన్ లినక్స్‌లో ఈసీ2-యూజర్, ఉబుంటు మెషీన్‌లో ఉబుంటు). కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే మామూలుగా మెషీన్ దాకా వెళ్లారు, కానీ లోపల ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ నడవట్లేదు, లేదా వేరే పోర్టులో ఉంది. టైమవుట్ అయితేనే దారి వెతకాలి: పబ్లిక్ ఐపీ ఉందా, రూట్ టేబుల్లో ఇంటర్నెట్ గేట్‌వేకి దారి ఉందా, సెక్యూరిటీ గ్రూప్‌లో 22 (ఎస్ఎస్‌హెచ్ పోర్టు) తెరిచారా. తెరిచినా, నిన్న 'నా ఐపీ' అని పెట్టిన రూలు ఇవాళ పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారిపోతూ ఉంటుంది. ఆఖరున నెట్‌వర్క్ ఏసీఎల్, అంటే మెషీన్ ఉన్న సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) మొత్తానికీ ఉండే రూల్స్. సెక్యూరిటీ గ్రూప్ లోపలికి పంపిన మనిషిని గుర్తుపెట్టుకునే వాచ్‌మన్ లాంటిది, తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ అడగదు. ఏసీఎల్‌కి ఆ జ్ఞాపకం లేదు, అందుకే బయటికి 1024 నుంచి 65535 దాకా పోర్టులు కూడా తెరవాలి, లేకపోతే మెషీన్ ఇచ్చిన జవాబు మీదాకా రాదు.

ఇది చదివి ఊరుకుంటే రాదు. సొంత ఖాతాలో ఒక వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్), రెండు సబ్‌నెట్లు, ఒక మెషీన్ పెట్టి, పైన చెప్పినవన్నీ మీ చేత్తో ఒక్కొక్కటిగా చెడగొట్టి, ఏ తప్పుకు ఏ మెసేజ్ వస్తుందో రాసుకోండి. అంతకంటే ముందు బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. 2025 జులై మధ్య నుంచి కొత్త ఖాతాలకు పాత పన్నెండు నెలల ఫ్రీ టైర్ బదులు క్రెడిట్లు ఇస్తున్నారు, అవి నీళ్లలా కరిగిపోతాయి. ముఖ్యంగా నాట్ గేట్‌వే (పబ్లిక్ ఐపీ లేని మెషీన్లు ఇంటర్నెట్‌కి వెళ్లే దారి): ఉత్తర వర్జీనియా ధరల్లో గంటకు 0.045 డాలర్లు, ఒక్క ఫైలు పంపకపోయినా నెలంతా అలా వదిలేస్తే 32 డాలర్లు దాటుతుంది. పని అయిపోగానే తీసేయండి. ఈ లెక్క ఇంటర్వ్యూలో చెప్పినా మంచిదే, ఖర్చు గురించి తమంతట తాము మాట్లాడేవాళ్లు తక్కువ.

ఇంకొక్కటి. 2025 అక్టోబర్ 20న ఉత్తర వర్జీనియా రీజియన్‌లో (అమెజాన్ డేటా సెంటర్లున్న ఒక ప్రాంతం) డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చే వ్యవస్థ) దెబ్బతిని బోలెడు సైట్లు ఆగిపోయాయి. అమెజాన్ దానిమీద వివరణ రాసింది, చదవండి. 'మల్టీ ఏజెడ్ పెడితే సరిపోయేదా?' (అంటే ఒకే రీజియన్‌లో ఒకటికి మించి జోన్లలో నడపడం) అని అడిగితే సరిపోదనే చెప్పాలి, పడింది ఒక జోన్ కాదు, రీజియన్ మొత్తానికీ ఉన్న సర్వీసు. అక్కణ్నుంచి మాట డిజాస్టర్ రికవరీ మీదికి పోతుంది. ముంబైలో నడిచే అప్లికేషన్‌కి రెండో చోటు ఏదంటే, 2022 నవంబరు నుంచి మన హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది, డేటా దేశం దాటక్కర్లేదు. కాకపోతే రెండు ఊళ్ల మధ్య కాపీ సాధారణంగా కాస్త వెనకపడి నడుస్తుంది కాబట్టి, ఎన్ని నిమిషాల డేటా పోయినా కంపెనీ తట్టుకోగలదో ముందు అడుగుతానని చెప్పండి.

ప్రశ్న: సర్టిఫికేషన్ లేకపోతే అసలు పిలుస్తారా? ఫీజు చూస్తే భయమేస్తోంది. - విజయవాడ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: పిలుస్తారు, కాకపోతే ఫ్రెషర్లకి ఆ కాగితం రెజ్యూమే వడపోతలో పనికొస్తుంది. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ ఫీజు 150 డాలర్లు, 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, వెయ్యికి 720 వస్తే పాస్, మూడేళ్లు చెల్లుతుంది. డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) కొని పాసవ్వాలనుకుంటే ఆ డబ్బు దాచుకోవడం మేలు. చేతిలో ఇంటర్వ్యూ ఉంటే మాత్రం పరీక్ష సంగతి తర్వాత చూసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కదా, ఫ్రెండ్ పక్కన కూర్చుని జవాబులు టైప్ చేసి చూపిస్తానంటున్నాడు. - పేరు వద్దు

జవాబు: వద్దు. మీ కళ్లు ఎటు తిరుగుతున్నాయో అవతలివాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, అనుమానం వస్తే స్క్రీన్ షేర్ చేసి, మీ చేత్తో చేసి చూపించమంటారు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, ఎక్కడ వెతుకుతారో, ఏ లాగ్ ముందు తెరుస్తారో చెప్పండి. ఆ ఫ్రెండ్‌ని మాత్రం ముందు రోజు రాత్రి ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగించుకోండి.