జనరల్ మేనేజర్‌ను ఎలా తూచాలి?

ప్రశ్న: ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా లీగ్) ఐస్ హాకీ చూస్తుంటాను. జట్టు ఓడితే అందరూ ఆటగాళ్లను ఎంచి ఒప్పందాలు చేసే జనరల్ మేనేజర్‌నే తిడతారు. ఆయన పనితనం తెలిసేదెలాగండీ? - ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈ ఏడాది పాయింట్ల పట్టిక పక్కన పెట్టండి. డ్రాఫ్టులో, అంటే జట్లు రౌండ్లవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, తీసుకునేది ఎక్కువగా 18 ఏళ్ల కుర్రాళ్లను. మన జిల్లా మామిడి అంటులాగే, కాపుకొచ్చేదాకా ఆగాలి. టాంపా బే జట్టునే చూడండి. 2010 నుంచి 2018 దాకా స్టీవ్ ఐజర్‌మన్ మేనేజర్. 2011లో 58వ ఎంపికగా నికితా కుచెరోవ్, 2014లో 79వ ఎంపికగా బ్రేడెన్ పాయింట్ దొరికారు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పులొచ్చింది 2020, 2021లో. అప్పటికి మేనేజర్ జూలియన్ బ్రీజ్‌బోవా. ఆ ఘనతలో పెద్ద వాటా ఐజర్‌మన్‌దేనని మా అభిప్రాయం. మొదటి రౌండులో మంచివాణ్ణి పట్టడం అంత గొప్పేం కాదు, రెండు మూడు రౌండ్లలోనే కంటిచూపు తెలుస్తుంది.

తర్వాత జీతాల పద్దు. 2025-26లో ఒక్కో జట్టు మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి 9.55 కోట్ల డాలర్లు. ముప్పై దాటినవాడికి ఏడేళ్ల ఒప్పందం రాసిస్తే, చివరి మూడేళ్లు ఆట తగ్గినా జీతం తగ్గదు; ఆ మేరకు కుర్రాళ్లను నిలుపుకోవడానికి డబ్బుండదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ట్రేడ్‌లను (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిని) మాత్రం రెండేళ్లు ఆగి తూచండి. గోల్‌కీపర్‌కు గాయమై సీజన్ పోతే, ఆ తప్పు మేనేజర్ మీద వేయకండి.