ఒంగోలు నుంచి అటవీ పరిశోధన సంస్థలో సమ్మర్ ఇంటర్న్‌షిప్: ఎక్కడ చేయాలి, ఏం నేర్పిస్తారు?

మీరు ఒంగోలులో ఎమ్మెస్సీ బాటనీ మొదటి ఏడాది చదువుతున్నారు, వేసవిలో అటవీ పరిశోధన సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలనుంది, దానికి డెహ్రాడూన్‌కే వెళ్ళాలా, వెళితే నిజంగా ఏమైనా వస్తుందా అని అడిగారు. నాది కావలి. నేను మొదటి ఏడాది పరీక్షలయ్యాక కోయంబత్తూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ జెనెటిక్స్ అండ్ ట్రీ బ్రీడింగ్‌లో చేశాను. నా సలహా ఒక్కటే: ముందు సంస్థను కాదు, చెట్టును ఎంచుకోండి.

డెహ్రాడూన్ ఎఫ్ఆర్ఐ (ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) 1906 నాటిది, పేరు చాలా పెద్దది. కాదనను. కానీ అదీ, కోయంబత్తూరు, బెంగళూరు, హైదరాబాద్ దూలపల్లి సంస్థలూ అన్నీ కేంద్రం అటవీ పరిశోధన మండలి అయిన ఐసీఎఫ్ఆర్ఈ కిందే నడుస్తాయి. మీరు ఏ చెట్టు మీద పని చేయాలనుకుంటున్నారో దాని మీద ఏళ్ళ తరబడి కూర్చున్న శాస్త్రవేత్త ఎక్కడుంటే మీకు అదే మంచి సంస్థ. మన వైపు చెట్లకు కొదవేముంది? ప్రకాశంలో సుబాబుల్, జామాయిల్, నెల్లూరు తీరం పొడవునా సర్వి తోటలు, వెలికొండల్లో ఎర్రచందనం. వీటిలో ఒకటి పట్టుకుంటే ఇంటర్న్‌షిప్ అయ్యాక కూడా ఆ పని మీ చేతిలోనే ఉంటుంది. ఎక్కడో హిమాలయాల్లోని దేవదారు మీద రిపోర్టు రాసి వస్తే మళ్ళీ ఆ చెట్టును ఎప్పుడు చూస్తారు?

నేను సర్వి (పుస్తకాల్లో సరుగుడు) తీసుకున్నాను. మొదట్లో నర్సరీలోనే పని. లేత కొమ్మల్ని వేలెడంత పొడవున కత్తిరించి, మొదలును వేర్లు పుట్టించే ఐబీఏ హార్మోన్ పొడిలో అద్ది, వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజ గుళికలు) నింపిన రూట్ ట్రైనర్లలో (నారు పెంచే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) గుచ్చి, తేమ పోకుండా నీటి తుంపర చల్లే మిస్ట్ చాంబర్‌లో పెడతారు. కొన్ని వారాలకు మెల్లగా లాగి చూస్తే తెల్లటి వేరు కనబడుతుంది. అది చూసినప్పటి సంతోషం నేను చెప్పలేను. ఇలా తయారైన మొక్కలన్నీ తల్లిచెట్టు లాగే పెరుగుతాయి. తోటంతా ఒకే లావు, ఒకే ఎత్తు వస్తుంది కాబట్టి రైతుకు లాభం. అదే తోటకు తెగులు వస్తే మాత్రం అన్నిటికీ ఒకేసారి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒకే క్లోన్ (ఒకే తల్లిచెట్టు నుంచి ఇలా తీసిన మొక్కలు) కాకుండా నాలుగైదు రకాలు కలిపి వేసుకోమని అక్కడ మరీ మరీ చెప్తారు. మన రైతుల దాకా చేరాల్సిన మాట ఇది.

తర్వాత మా గైడ్ గారు మా ఊరి వైపే వెళ్ళి తోటల్లో కొలతలు తీసుకురమ్మన్నారు. తుమ్మలపెంట వైపు ఇసుక నేలల్లో తిరిగాను. చెట్టు చుట్టుకొలత తీయడం చూడ్డానికి తేలిక. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులోనే టేపు చుట్టాలి, ఊడిపోయే బెరడు ముందు తీసెయ్యాలి, టేపు వంకర పోకూడదు, ఆ ఎత్తుకు కిందే కాండం చీలితే రెండు చెట్లుగా రాసుకోవాలి. మన చేయి ప్రతి చెట్టు దగ్గరా ఒకేలా పని చేయకపోతే ఆ తర్వాత వేసే లెక్కలన్నీ దండగ. వేళ్ళ దగ్గర ఇసుక తవ్వితే గుత్తులు గుత్తులుగా బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఫ్రాంకియా అనే బాక్టీరియా ఉండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. ఉత్త ఇసుకలో సర్వి అంత ఏపుగా ఎలా పెరుగుతుందో నాకు అక్కడ కళ్ళారా తెలిసింది. చిన్నప్పటి నుంచి చూసిన చెట్టే అయినా!

ఆ తోట రైతు ఒకాయన, "ఏం పాపా, ఇట్టా కొలస్తా ఉండావు, కట్టె ధర పెంచుతారా ఏంది?" అని అడిగారు. ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడితే నారు ఎక్కడ తెచ్చారు, ఎంత దూరంలో నాటారు, పోయిన తుఫానుకు ఏ వరసలు ఒరిగాయి, అన్నీ చెప్పారు. నా రిపోర్టులో మా గైడ్ గారికి బాగా నచ్చిన భాగం అదే. మీరు ఏ తోటకు వెళ్ళినా టేపు తీసే ముందు రైతుతో కాసేపు మాట్లాడండి.

ఎర్రచందనం మీద ఆశ ఉంటే ఒక మాట. అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి, అది చేతికొచ్చేసరికి వేసవి అయిపోవచ్చు. దాని బదులు విత్తనం మీద పని అడగండి. కాయ తొక్క గట్టిది, మొలక శాతం తక్కువ, పేడనీళ్ళలో నానబెట్టడం లాంటి పద్ధతుల్ని పోల్చి చూడటానికి రెండు నెలలు సరిపోతాయి. దూలపల్లి, బెంగళూరు సంస్థల్లో అడిగి చూడండి.

డబ్బు విషయం దాచను. స్టైపెండ్ వస్తుందని లెక్క వేసుకోవద్దు. హాస్టల్ ఉందా, ఫీజు ఏమైనా కట్టాలా అని మెయిల్‌లోనే అడిగేయండి, మొహమాటం వద్దు. కోయంబత్తూరు అయితే ఒంగోలు, నెల్లూరు మీదుగా శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. భాష గురించి టెన్షన్ పడకండి, ల్యాబ్‌లో ఇంగ్లీషుతో నడిచిపోతుంది. తోటల్లో మాత్రం తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పది లోపు ముగించండి, మన రోహిణి ఎండలు మీకు తెలియనివి కావు.

మేలో చేరాలంటే ఫిబ్రవరి లోపే రాయండి. డైరెక్టర్‌కు కాకుండా నేరుగా ఆ చెట్టు మీద పనిచేసే శాస్త్రవేత్తకు రాసి, మీ హెచ్‌ఓడీ లెటర్ జత చేయండి. "ఏదైనా ప్రాజెక్టు ఇవ్వండి సార్" అని రాస్తే జవాబు రావడం కష్టం. "మా చీమకుర్తి దగ్గర సుబాబుల్ నరికాక పిలకలు ఎలా వస్తున్నాయో చూడాలనుంది" అని రాయండి, రెండు వాక్యాలు చాలు. వారంలో జవాబు రాకపోతే మర్యాదగా మరోసారి గుర్తు చేయండి.