ఆడవాళ్లు ఎన్ని? ఎంతమంది?

సందేహం: ఓటర్ల జాబితా సవరణకు మా ఇంటికి వచ్చినాయన ‘మీ ఇంట్లో ఎన్ని ఓట్లు? ఆడవాళ్లు ఎన్ని?’ అని అడిగారు. టీవీలో ‘క్యూలో ఎనిమిది ఓటర్లు’ అని వేశారు. ఒక పత్రికలో ‘ప్రతి ఓటరూ తన హక్కును వినియోగించుకున్నాడు’ అని రాశారు. ఓటరు ఆడమనిషి కావచ్చు కదా? ఇవన్నీ సరైన వాడుకలేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: ‘ఎన్ని ఓట్లు’ అనడంలో తప్పు లేదమ్మా. అక్కడ లెక్కపెట్టేది ఓట్లను. ‘ఆడవాళ్లు ఎన్ని’ అనడం మాత్రం తప్పే. మనుషులను ‘ఎంతమంది’ అనే అడగాలి.

తెలుగులో మనుషుల లెక్క వేరు, మిగతావాటి లెక్క వేరు. పిల్లి మూడు పిల్లలను పెట్టింది అంటాం. మా అక్కకు ముగ్గురు పిల్లలు అంటాం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటూ ఏడుగురి దాకా ఈ మాటలు నేటికీ అందరి నోటా ఉన్నాయి. ఆపైన ఎనమండుగురు, తొమ్మండుగురు, పదుగురు పాతబడ్డాయి కాబట్టి ‘మంది’ చేర్చి ఎనిమిది మంది, పది మంది అంటున్నాం. టీవీ వాళ్లు ‘ఎనిమిది మంది ఓటర్లు’ అనాల్సింది. జనాభా లెక్కల వార్తల్లోనూ ఇదే పొరపాటు కనిపిస్తోంది. ఇళ్లు ఎన్ని ఉన్నా ‘మంది’ అక్కర్లేదు, మనుషులైతే లక్షలైనా కోట్లైనా ‘మంది’ ఉండాల్సిందే.

ఈ లెక్కలో ఆడా మగా తేడా లేదు. ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు అక్కచెల్లెళ్లు. క్రియలో మాత్రం తేడా ఉంది. ఏకవచనంలో అబ్బాయి వచ్చాడు అంటాం, కానీ ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది అంటాం. కన్నడ, తమిళాల్లో ఉన్నట్టు స్త్రీకి వేరే క్రియారూపం మనకు లేదు. బహువచనానికి వచ్చేసరికి ఆవులు వచ్చాయి, అమ్మాయిలు వచ్చారు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో (జంతువులు, వస్తువుల వంటివాటిని చెప్పే మాటలతో), బహువచనంలో మహత్తులతో (మగవారిని చెప్పే మాటలతో) కలుస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పింది దీన్నే. ‘వచ్చింది’ అన్నంత మాత్రాన చిన్నచూపు కాదు, అది భాష నడక. చిన్నచూపు వేరేచోట ఉంది. అక్కడికే వస్తున్నాను.

‘ఓటరు’ అనే మాట ఇద్దరికీ చెల్లుతుంది. ‘ప్రతి ఓటరూ వినియోగించుకున్నాడు’ అనగానే అది మగవాడి మాట అయిపోతుంది. ఇది పట్టించుకోవాల్సిన విషయమే. మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటు 1921లో వచ్చింది, అదీ ఆస్తి అర్హత ఉన్న కొద్దిమందికే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. స్వతంత్ర భారతంలో వయోజనులందరికీ ఓటు ఇచ్చాక కూడా, 1951–52 ఎన్నికల జాబితాల నుంచి దాదాపు 28 లక్షల మంది స్త్రీలను తొలగించాల్సి వచ్చింది. బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల వాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యననో, ఫలానా వారి కూతురిననో రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. ఆయన చేసింది సరైన పనేనని నా అభిప్రాయం. అదే కాలానికి చెందిన 1948 జనాభా లెక్కల చట్టం చూడండి. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని, భర్త పేరు చెప్పమని స్త్రీని నిర్బంధించకూడదని 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. జనాభా లెక్కలో పేరు లేకుండానైనా ఒకరిగా లెక్కకు వస్తారు. ఓటు అలా కాదు, పేరు ఉంటేనే ఓటు.

మరి ఎలా రాయాలి? ఇంత టెన్షన్ అక్కర్లేదు, తెలుగులో దారి సులువే. ‘ఓటర్లు తమ హక్కును వినియోగించుకున్నారు’ అనండి. ‘ప్రతి ఓటరూ తన పేరు చూసుకోవాలి’ అంటే క్రియలో ఆడా మగా ప్రసక్తే రాదు. ఒక్కరి గురించే అయితే ‘ఓటు వేశారు’ అంటే సరిపోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మంత్రిగారు ‘ఓటు వేశారు’ అని రాసే పత్రికే, అదే పేజీలో, కూలిపని మానుకుని వచ్చి ఎండలో నిలబడ్డ మహిళ ‘ఓటు వేసింది’ అని రాస్తుంది. వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. కానీ ఒకరికి గౌరవ వాచకం వాడినప్పుడు రెండోవారికీ వాడాలి. ఆమె కూడా ఓటు వేశారు.