జుంగ్ కట్టబోయే కొత్త కోడలికి

అమ్మాయీ,

పిన్ని ఆశీస్సులు. ఈసారి చైనావాళ్ల పడవల పండుగకు అత్తవారింట జుంగ్‌లు, అదే వెదురు ఆకుల్లో చుట్టి ఉడికించే జిగురు బియ్యం పొట్లాలు, కట్టే పనిలో నువ్వూ కూర్చుంటానన్నావట. సంతోషం. హాంకాంగ్‌లో ఈ ఇంటి కోడలినైన నాటి నుంచి ఏటా కడుతున్నాను కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. 2026లో పండుగ జూన్ 19న. ఆకులు వారం ముందే కొనిపెట్టుకో. పండుగ దగ్గర పడితే మీ శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో మిగిలేవి చిరుగులే.

ముందు మీ ఆయన నాయనమ్మను పట్టుకో. బియ్యం ఎంత అని అడిగితే "సరిపడా" అంటారు. ఆవిడ గిన్నెతో ఆవిడనే పోయమని, పోసింది పోసినట్టు తూకం వేసి రాసుకో. వంటల వీడియోల కొలతలు ఆవిడ ముందు ఎత్తకు. ఆ ఇంటి రుచి ఆ గిన్నెలో ఉంది.

అంతవరకు మా లెక్క చూసుకో: ఇరవై జుంగ్‌లకు కిలో జిగురు బియ్యం, అరకిలో పొట్టు తీసిన పెసరపప్పు (మనం పొంగలిలో వేసేదే), 700 గ్రాముల పంది పొట్ట మాంసం, ఉప్పులో ఊరిన బాతుగుడ్ల పచ్చసొనలు 20, ఆకులు అరవై, పైన మరో పది. మాంసానికి ఉప్పూ ఐదు మసాలాల పొడీ ముందురోజే పట్టించాలి. బియ్యం, పప్పు విడివిడిగా నానాలి.

ఎండు వెదురు ఆకులు రాత్రంతా నానాక ఒక ఉడుకు రానిచ్చి, రెండు వైపులా తుడిచి, తొడిమలు కత్తిరించాలి. గట్టి తొడిమ పక్క ఆకును పొడిచి చింపుతుంది. తుడిచే పని పిల్లలకిస్తే నేలంతా తడుస్తుంది. తడవనీ.

ఇక అసలు పని. రెండు ఆకులు ఒకదానిపై ఒకటి సగం వచ్చేలా, నున్నటి వైపు లోపలికి పెట్టి, పొట్లంలా మడువు. అడుగు మొనలో సూదంత సందు కూడా ఉండకూడదు, బియ్యం అక్కడినుంచే కారిపోతుంది. బియ్యం, పప్పు, మాంసం, పచ్చసొన, మళ్లీ పప్పు, పైన బియ్యం. మూడో ఆకు అంచుకు గోడలా నిలబెట్టి, పైభాగం దించి మూసి, దారం చుట్టాలి. చేతులు రెండూ ఆకుమీదే ఉంటాయి కనుక పెద్దవాళ్లు దారం కొసను పళ్లతో పట్టుకుంటారు. చూసి నవ్వకు, నీకూ అదే గతి. బియ్యం ఉబ్బుతుంది, మరీ బిగించకు. ఊపితే లోపల గలగలమనకపోతే చాలు.

నాయనమ్మ వేళ్లకు బిగువు తగ్గిందని పక్కన కూర్చోబెట్టకండి. ఆవిడ మడిచి నింపితే, మీ ఆయన దారం లాగుతాడు. నీ వంకర జుంగ్‌లను ఎవరైనా విప్పి మళ్లీ కడతానంటే ఒప్పుకోకు. కారకపోతే అది జుంగే.

నువ్వు పంది మాంసం తినవని మొహమాటం లేకుండా ముందే చెప్పు. వేరుశనగలు, ఎండు పుట్టగొడుగులు, చెస్ట్‌నట్లు పెట్టి నీవి వేరే రంగు దారంతో కట్టుకో. కానీ దారం ఒక్కటే మారిస్తే చాలదు, కుండ కూడా వేరుండాలి. అన్నీ కలిపి ఉడికిస్తే కొవ్వు నీళ్లలోకి దిగి నీవాటికీ పడుతుంది.

మూడు, నాలుగు గంటలు ఉడకాలి, అంతసేపూ పూర్తిగా మునిగే ఉండాలి. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగి, లోపల బియ్యం పలుకుగా ఉండిపోతుంది. కుండ దగ్గర వంతులు మీ మామగారికి అప్పగించు, ఎలాగూ ఆయన టీవీ ముందే ఉంటారు.

మిగిలినవి ఫ్రీజరులో పెట్టుకుని, ఆకు విప్పకుండా ఆవిరిమీద వేడిచేసుకోండి. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
పిన్ని