ఆర్చి వంతెన పనికి పోతున్న మేనకోడలికి

బిడ్డా,

స్టీలు ఆర్చి వంతెన సైటుకు పోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్యాలగూడలో ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బెల్టు కట్టుకుంటే చాలదు, కొక్కెం తగిలించాలి. ఆర్చి పాదాలు కిందికే కాదు, పక్కకు కూడా తన్నుతాయి. అందుకే పునాది కింద రాయి ఎంత గట్టిదో చెప్పే రిపోర్టు నువ్వే చదువు.

నా భయమంతా రెండు సగాలు నడుమ కలిసే రోజు గురించే. అప్పటిదాకా అది ఆర్చి కాదు, వెనక కేబుళ్లు పట్టుకుంటే గాలిలో నిలబడ్డ ఇనుము. 100 మీటర్ల ఉక్కు 10 డిగ్రీల వేడికి దాదాపు 12 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక వైపే ఎండ తగిలితే పక్కకు కూడా వంగుతుంది.

నేను పనిచేసిన ఒక వంతెన మీద, మే నెల మధ్యాహ్నం, రెండు ప్లేట్ల రంధ్రాలు సగం సగమే కలిశాయి. రంధ్రాలను వరుసకు తెచ్చే డ్రిఫ్ట్ పిన్ను దూరలేదు. పొద్దున దాకా ఆగుదామని ముసలి ఫిట్టర్ మొత్తుకున్నాడు. పై ఆఫీసరుకు తొందర. గ్యాస్ కట్టర్‌తో ఒక వరుస రంధ్రాలు వెడల్పుగా కోయించాడు, అంతలో చీకటి పడింది. తెల్లవారుజామున చల్లబడ్డాక చూస్తే, కోయని వరుసలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి, పిన్ను చేత్తో తోస్తే దూరింది. కోసిన వరుసలో రంధ్రాలు గుడ్డు ఆకారంలో నోరు తెరుచుకున్నాయి, బోల్టు లొడలొడలాడింది. ఆ ప్లేటు పారేసి కొత్తది తెప్పించాల్సి వచ్చింది. కొలతలు సూర్యుడు రాకముందే తీసుకో. సిడ్నీ హార్బర్ వంతెన 503 మీటర్ల ఆర్చి కూడా 1930 ఆగస్టు 19న రాత్రిపూటే కలిసింది.

కెనడాలో క్యుబెక్ వంతెన ఆర్చి కాదు గానీ, 1907లో కట్టేటప్పుడే కూలి 75 మంది పోయారు. కింది ఉక్కు దూలాలు వంగుతున్నాయని సైటులో ముందే కొలిచారు. అయినా పని ఆగలేదు.

నువ్వు చిన్నప్పటి నుంచీ పెద్దల ముందు నోరెత్తవు. ఇంట్లో అది బాగుంటుంది. అక్కడ మాత్రం కొలత తేడా వస్తే తల దించుకోకు, రాసిచ్చి పని ఆపించు. కోప్పడితే కోప్పడనీ.

నడుమ ముక్క ఎక్కించే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నేనూ మీ అత్తా రైలెక్కి వస్తాం.

మీ మామయ్య