పాపాన్ని దేవునికి ఒప్పుకున్నాక మనిషికి కూడా ఒప్పుకోవాలా?

మీరు అడిగినది ఇది: బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్ళయింది. చెల్లెలి పెళ్ళి కోసమని మీ అమ్మగారు మీ దగ్గర దాచిన డబ్బులో కొంత ఎవరికీ చెప్పకుండా వాడుకున్నారు. ఆ సంగతి ప్రార్థనలో ఎన్నిసార్లు ఒప్పుకున్నా మనసు కుదుటపడడం లేదు. ఈ మధ్య కన్నీళ్ళు కూడా రావడం లేదు కనుక మీ మారుమనస్సు నిజమైనది కాదేమోనని భయపడుతున్నారు. నేను వేదాంత కళాశాలలో చదివినవాడిని కాను. ఒడిశాలో గుణుపురం దగ్గర పుట్టి పెరిగి, అక్కడే చిన్న వ్యాపారం చేసుకుంటూ, తెలుగులోనూ ఒడియాలోనూ ఆరాధన జరిగే సంఘంలో ముప్పై ఏళ్ళకు పైగా సభ్యుడిగా ఉన్నవాడిని. మీ ప్రశ్నను పోలినది నా జీవితంలోనూ ఒకటి ఉండబట్టి రాస్తున్నాను.

ముందుగా మాట గురించి కొంచెం చెప్పాలి. మన తెలుగు బైబిలులో ‘మారుమనస్సు’ అని ఉన్నచోట ఒడియా బైబిలులో ‘మన పరిబర్తన’ అని ఉంటుంది; కతోలిక సోదరులు ‘హృదయ పరివర్తనము’ అంటారు. గ్రీకు మూలంలోని ‘మెటానోయా’ అనే మాటకు మనసు మారడమనే అర్థం. పాత నిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాటకైతే వెనక్కి తిరిగి రావడమని అర్థం. ఈ మాటల్లో దేనిలోనూ ఏడుపు లేదు. దుఃఖం అక్కర లేదని నేను అనడం లేదు. దైవచిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సును కలుగజేస్తుందని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. అంటే దుఃఖం మనల్ని ఒక చోటికి తీసుకువెళ్ళవలసిన దారి. నేను ఆ దారిలోనే పన్నెండేళ్ళు కూర్చుండిపోయాను.

1988లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, మా మేనమామ కొట్లో పనికి కుదిరాను. చింతపండు కాలంలో సవరలు అనే గిరిజనులు కొండల మీద నుంచి బుట్టలకు బుట్టలు సంతకు దించేవారు. మేము తూచి కొనేవాళ్ళం. తూకానికి వాడే ఇనుప గుండుకు అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో సీసం పోసి దాని మీద తూనికల శాఖవారు ముద్ర వేస్తారు. మా 5 కిలోల గుండుకు ఆ గుంటను లోపల తొలిచి పెద్దది చేసి మరింత సీసం నింపారు. సీసం ఇనుము కంటే బరువు కనుక, పైకి ఏ తేడా కనబడకపోయినా, అవతలి పళ్ళెంలో ఇంకో రెండు గుప్పిళ్ళు పడితే గాని త్రాసు ముల్లు నిలిచేది కాదు. ఆ గుండు సంగతి మొదటి వారమే నాకు తెలిసిపోయింది. తెలిసీ నాలుగు చింతపండు కాలాలు దానితోనే తూచాను.

1991 జనవరిలో వంశధారలో బాప్తిస్మం తీసుకున్నాను. ఒడ్డున సంఘమంతా పాడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ కన్నీళ్ళు అబద్ధమని ఇవాళ్టికీ అనలేను. అయినా ఆ తరువాతి సంతకు అదే గుండు పట్టుకుని వెళ్ళాను. నా మనసులో ప్రభువుకు ఒక గది, సంతకు వేరొక గది ఉండేవి, రెంటికీ మధ్య తలుపు లేదు. ఆ ఏడాది చివర ఆ పని మానేసి సొంతంగా కొట్టు పెట్టుకున్నాను గనుక లెక్క అంతటితో తీరిపోయిందనుకున్నాను. మామ పోయాక కొట్టు సామానుతో పాటు ఆ గుండు మా ఇంటికే వచ్చింది. పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉండేది.

2003లో శ్రమల దినాలలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో, ఒక సాయంత్రం ‘దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము’ అనే సామెతల గ్రంథపు మాట మీద ప్రసంగం విన్నాను. ఆ రాత్రే పాస్టరు అయ్యగారింటికి వెళ్ళి అంతా చెప్పాను. నన్ను ఓదారుస్తారనో మందలిస్తారనో అనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే: “ఆ గుండు ఇప్పుడెక్కడుందయ్యా?”

మరునాడు దాన్ని తీసుకువెళ్ళి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాము. 5 కిలోల 310 గ్రాములు చూపించింది. అంటే క్వింటాలుకు ఆరు కిలోలు దాటి దొంగిలించాము. అయ్యగారు నా చేతికి పెన్సిలిచ్చి, గుర్తున్నంత మేరకు ఊళ్ళనూ, ఇళ్ళనూ, ధరలనూ రాయించారు. అంతవరకు ‘నేను పాపిని’ అని ప్రార్థించడం నాకు సులువుగానే ఉండేది. కిలోలు, రూపాయలు రాస్తుంటే చెయ్యి ఆడలేదు.

డబ్బు తీసుకుని కొండ మీది ఒక ఊరికి వెళ్ళాను. ప్రతి సంతకూ మాకే చింతపండు అమ్మిన ఒక అమ్మ అప్పటికి ముసలిదైపోయి గుమ్మంలో కూర్చుని ఉంది. నేను చెప్పింది ఆసాంతం విని, “మాకు తెలుసు బాబూ. తెలిసి ఏం చేస్తాం, మళ్ళీ కొండెక్కి మోసుకుపోతామా?” అంది. ‘పాపం, వాళ్ళకు తెలియదు కదా’ అన్నది అన్నేళ్ళూ నాకున్న ఊరట. వాళ్ళకు తెలుసు, వేరే దారి లేక ఊరుకున్నారు. నా మనసు నిజంగా మారింది ఆ గుమ్మం ముందు అనే నేను నమ్ముతాను. ఆమె క్షమించానని అనలేదు. నోట్లను రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడి వేసుకుని, “ఆ చివరింటివాళ్ళకూ ఇచ్చావా?” అని అడిగింది.

ఇలా తిరిగి ఇస్తే క్షమాపణను కొనుక్కున్నట్లు కాదా అని మా సంఘంలోనే కొందరు అన్నారు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడండి. అతడు పైసా ఇవ్వకముందే, చెట్టు మీద ఉండగానే, నేడు నీ యింట నుండాలి, త్వరగా దిగమని ప్రభువు పిలిచాడు. నాలుగంతలు చెల్లిస్తానన్న మాట ఆ పిలుపు తరువాత వచ్చింది. లేవీయకాండము 6వ అధ్యాయం ప్రకారం అన్యాయంగా తీసుకున్నది ఒప్పుకున్నవాడు, సొమ్ము వరకైతే, అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. ఒక గొర్రెకు నాలుగు గొర్రెలన్నది నిర్గమకాండములో గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో విధించిన దండన. జక్కయ్య తనకు తానే దొంగ శిక్ష వేసుకున్నాడు, అదీ సంతోషంగా. మరోవైపు ప్రభువును డబ్బుకు పట్టించిన యూదా ఉన్నాడు. అతడు కూడా పశ్చాత్తాపపడ్డాడు, పాపం చేశానన్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చాడు. కానీ ప్రభువు దగ్గరికి మాత్రం తిరిగి రాలేదు. డబ్బు వెనక్కి వెళ్ళినంత మాత్రాన మనిషి వెనక్కి వచ్చినట్లు కాదు గనుక, నా లెక్క తీరినా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి నేను చేయి చాచుకునే వెళ్ళాలి.

ఆచూకీ దొరకని వాళ్ళ బాకీ మిగిలింది. బంధువు కూడా లేనప్పుడు ఆ సొమ్ము యాజకుడికి చెందుతుందని సంఖ్యాకాండము 5లో ఉంది. అయినా అయ్యగారు దాన్ని సంఘం ఖాతాలో వేయనివ్వకుండా కొండ పిల్లల హాస్టలు ఫీజులకు కట్టించారు. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం.

కన్నీళ్ళు రావడం లేదన్నారు. ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకాక పేతురు సంతాపపడి ఏడ్చాడు, నిజమే. కానీ యోహాను 21లో సముద్రతీరాన ప్రభువు అతని ఏడుపు ఊసెత్తలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని ముమ్మారు అడిగి, గొర్రెలను అప్పగించాడు. ఒక్కసారితో ఇది తీరిపోదని కూడా తెలుసుకోండి. విశ్వాసి బ్రతుకంతా మారుమనస్సుగా ఉండాలన్నది 1517లో మార్టిన్ లూథర్ వెలువరించిన 95 సిద్ధాంతాలలో మొట్టమొదటిది. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ అనుదినాహారం అడిగిన వెంటనే ‘మా ఋణములు క్షమించుము’ అని అడుగుతాము. రోజూ అన్నం తిన్నట్లే రోజూ అడగవలసినది అది. ‘ఋణము’ అన్న ఆ మాట మీద ఒకసారి ఆగి ఆలోచించండి.

కనుక మత్తయి 5లో చెప్పినట్లు అర్పణను బలిపీఠం దగ్గర విడిచి, ముందు మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళండి. ఎంత తీసుకున్నారో పైసలతో సహా చెప్పండి. ఎందుకు తీసుకున్నారో ఆమె అడిగితేనే చెప్పండి, ఎందుకంటే కారణాలతో మొదలుపెడితే అది సమర్థన అయిపోతుంది. క్షమించమని ఒత్తిడి చేయకండి. ఆమె కోపపడవచ్చు, చాలాకాలం మాట్లాడకపోవచ్చు. ఆ హక్కు ఆమెకుంది. అమ్మగారికి కూడా తెలియాలి. మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే, అయిదో వంతు కలిపి, నెలకు ఎంత ఇవ్వగలరో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి తీసుకువెళ్ళండి, మొదటి నెల డబ్బు అదే రోజు ఆమె చేతికి ఇవ్వండి.